జలుబు రోజుల్లో ఆగిపోయిన ఇన్‌హేలర్: ఏడేళ్ల బాబు ఆస్తమా కేసు

రాత్రి పదకొండు దాటాక ఏడేళ్ల నాలుగు నెలల బాబును తల్లి భుజాన వేసుకుని అత్యవసర విభాగానికి తీసుకువచ్చింది. నాలుగు రోజులుగా ముక్కు కారుతోంది, రెండు రోజులుగా దగ్గు, ఆ సాయంత్రం నుంచి డొక్కలు ఎగరేస్తున్నాడు. పేరు అడిగితే మధ్యలో ఊపిరి తీసుకుని రెండు ముక్కలుగా చెప్పాడు. శ్వాస నిమిషానికి 44, నాడి 148, ఆక్సిజన్ పెట్టకముందు పల్స్ ఆక్సీమీటరులో 89 శాతం. స్టెతస్కోప్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు వినిపించాయి. కుడి వైపు అడుగు భాగంలోకి గాలి వెళ్లడం బాగా తగ్గింది. వెంటనే ఆక్సిజన్ పెట్టి, స్పేసర్ (ఇన్‌హేలర్ మందును పట్టి ఉంచే గొట్టం) ద్వారా, బిగుసుకున్న శ్వాసనాళాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్‌ను 20 నిమిషాలకొకసారి మూడు విడతలు ఇచ్చి, దానికి తోడు శ్వాసనాళాలను తెరిచే మరో మందు ఇప్రట్రోపియం కూడా కలిపి, నోటి ద్వారా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 30 మిల్లీగ్రాములు వేశాం. బాబు బరువు 22 కిలోలు.

ఒక వైపు గాలి తక్కువగా వెళుతోంది కాబట్టి ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి ఉన్నాయి తప్ప న్యుమోనియా నీడ ఏదీ లేదు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ముక్కులోంచి తీసిన నమూనాకు చేసిన పీసీఆర్ పరీక్షలో జలుబు తెచ్చే రైనోవైరస్ లేదా దానికి దగ్గరి బంధువైన ఎంటెరోవైరస్ ఉన్నట్టు వచ్చింది. ఆ పరీక్ష ఈ రెండింటినీ విడదీసి చెప్పలేదు గానీ, ఈ వయసులో ఈ లక్షణాలతో వచ్చిన బిడ్డలో దాన్ని రైనోవైరస్ అనుకోవడమే సబబు. మర్నాడు మధ్యాహ్నానికి ఆక్సిజన్ తీసేశాం. ఇంతవరకు ఇది ఏ పిల్లల వార్డులోనైనా కనిపించే కేసే. రాయవలసిందంతా మూడో రోజు ఉదయం, బాబును ఇంటికి పంపేముందు, తల్లి అడిగిన ప్రశ్నతో మొదలైంది. (గుర్తు పట్టడానికి వీలున్న వివరాలు మార్చి, ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.)

అంతకుముందు ఎనిమిది నెలలు

ఈ బాబు నాకు కొత్త కాదు. మూడో ఏట నుంచి జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తుండేవి. పసితనంలో చర్మం మీద ఎగ్జిమా ఉండేది. తల్లికి అలర్జీ తుమ్ములున్నాయి. ఎనిమిది నెలల కిందట మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్ల కణాలు) మైక్రోలీటరుకు 620 ఉన్నాయి. ఊపిరి వదిలే బలాన్ని కొలిచే స్పైరోమెట్రీలో మొదటి సెకనులో వదిలే గాలి ఉండవలసినదాంట్లో 78 శాతం ఉండగా, సాల్బుటమాల్ తరువాత అది 16 శాతం పెరిగింది. ఆస్తమా అని చెప్పడానికి సందేహించవలసిన పని లేకపోయింది. ఇన్‌హేలర్‌లో పీల్చే స్టెరాయిడ్ ఫ్లూటికాసోన్ 50 మైక్రోగ్రాములు, రోజుకు రెండు పూటలా ఒక్కొక్క పఫ్, స్పేసర్‌తో రాశాను. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు ఇది తక్కువ మోతాదు కిందకే వస్తుంది.

మూడు నెలలకు తిరిగి చూసేటప్పటికి పరిస్థితి మెరుగుపడలేదు సరికదా, నాలుగు జలుబులు, వాటిలో రెండుసార్లు ప్రెడ్నిసొలోన్ వాడవలసిన ఆయాసం. ఆ రోజు బయట చాలామంది వేచి ఉన్నారు. "మందు రోజూ వేస్తున్నారా?" అని అడిగాను, "వేస్తున్నామండీ" అంది. ఆ జవాబు విని మోతాదు రెట్టింపు చేసి, పూటకు రెండేసి పఫ్‌లు రాసి పంపాను. ఇన్‌హేలర్ చేతిలోకి తీసుకుని చూడలేదు, బాబు చేత వేయించీ చూడలేదు. మందు పనిచేయడం లేదనిపించినప్పుడు మోతాదు పెంచేముందు అది లోపలికి వెళుతోందా లేదా అని చూడాలన్నది వైద్య విద్యార్థులకు నేనే చెప్పే పాఠం.

ఇక మూడో రోజు ఉదయానికి వద్దాం. "డాక్టర్ గారూ, ఒంట్లో వైరస్ ఉన్నప్పుడు స్టెరాయిడ్ వేస్తే ఆ వైరస్ ఇంకా పెరగదా?" అని అడిగింది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు, చాలా రోజులుగా దాచుకున్న ప్రశ్న బయటపడినట్టుంది. ఎందుకలా అనుకుంటున్నారని అడిగితే సంచిలోంచి మూడు వస్తువులు తీసి మంచం మీద పెట్టింది: ఇన్‌హేలర్, దాని పెట్టెలో వచ్చిన మడతల కాగితం, ఒక గీతల నోట్‌బుక్.

కాగితంలో ఇన్ఫెక్షన్ల గురించి హెచ్చరిక ఉన్న పంక్తుల కింద ఆమె పెన్సిలుతో గీత గీసి ఉంది. క్షయ ఉన్నవారూ, తట్టు లేదా ఆటలమ్మ సోకినవారి దగ్గరికి వెళ్లినవారూ జాగ్రత్తగా ఉండాలన్న మాటలవి. ఇంట్లో పెద్దవారొకరికి చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినప్పుడు, "మీకు రోగనిరోధక శక్తి తగ్గుతుంది, జలుబు చేసినవాళ్లకు దూరంగా ఉండండి" అని అప్పటి వైద్యుడు చెప్పిన మాట కూడా ఆమెకు గుర్తుంది. ఈ రెండూ కలిపి ఆమె ఒక నియమం పెట్టుకుంది. బాబుకు ముక్కు కారడం మొదలైన రోజునో మర్నాడో ఇన్‌హేలర్ ఆపేయడం, జలుబు పూర్తిగా తగ్గాక, అంటే పది పన్నెండు రోజులకు, మళ్లీ మొదలుపెట్టడం. నేను ఆ మాట అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఆమె దృష్టిలో "రోజూ వేస్తున్నామండీ" అనేది అబద్ధం కూడా కాదు. ఒంట్లో బాగున్న రోజుల్లో వేస్తూనే ఉంది.

ఇన్‌హేలర్ వెనక ఉన్న చిన్న కిటికీలో 78 అన్న అంకె కనిపించింది. అది 120 పఫ్‌ల డబ్బా, తెరిచి సరిగ్గా 28 రోజులైంది. రోజుకు నాలుగు చొప్పున 112 అయిపోయి, 8 మాత్రమే మిగలాలి. వాడింది 42. నేను మధ్యస్థ మోతాదు అనుకుంటూ రాసినదాంట్లో బాబుకు అందింది మూడో వంతు కంటే కొద్దిగా ఎక్కువ, అంటే మొదట రాసిన తక్కువ మోతాదు కంటే కూడా తక్కువ.

వేసే తీరు చూపించమన్నాను. బాబు ఉత్సాహంగా మాస్కు ముఖానికి పెట్టుకుని, డబ్బాను కదిలించకుండానే రెండు పఫ్‌లు టకటకా నొక్కి, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి తీసేశాడు. అందరూ చూస్తున్నారన్న సంబరంలో నవ్వుతుండటం వల్ల ముక్కు పక్కన మాస్కుకీ చెంపకీ మధ్య వేలు పట్టేంత సందు. తల్లి స్పేసరును శుభ్రంగా కడిగి లోపల తువ్వాలుతో తుడిచి ఉంచుతుందట. శుభ్రత మంచిదే గానీ, ప్లాస్టిక్ గొట్టాన్ని గుడ్డతో రుద్దితే పుట్టే విద్యుదావేశానికి మందు కణాలు లోపలి గోడకే అంటుకుపోతాయి. ఆ 42 పఫ్‌లలోనూ శ్వాసనాళాల దాకా చేరినవెన్నో ఊహించవలసిందే.

నోట్‌బుక్ చెప్పినది

నోట్‌బుక్‌లో రోజుకొక గీత, ఇన్‌హేలర్ వేసిన పూటకు టిక్కు, జలుబు మొదలైన రోజుకు ఎర్ర సున్నా. ఎనిమిది నెలల్లో ఏడు ఎర్ర సున్నాలున్నాయి. అంతకుముందు రెండు నెలలకొక జలుబు వచ్చేదనీ, ఇన్‌హేలర్ మొదలయ్యాక మూడు నెలల్లోనే నాలుగు వచ్చాయనీ ఆమె చెప్పింది. ఆ లెక్కలో తప్పు లేదు, నేనూ మొదటి పేజీలు లెక్కపెట్టాను.

అయితే మొదటి టిక్కు పడిన తేదీ దగ్గర ఆగవలసి వచ్చింది. అది సెలవులు ముగిసి బడి తెరిచిన వారం. పిల్లలు తిరిగి ఒక గదిలో చేరిన రెండు మూడు వారాల్లో రైనోవైరస్ చుట్టుముట్టడం, ఆస్తమా ఉన్న పిల్లలు ఆసుపత్రులకు వరుస కట్టడం ఎన్నో దేశాల్లో నమోదైన విషయమే. కెనడాలోనూ బ్రిటన్‌లోనూ ఏటా సెప్టెంబరులో వచ్చే ఆ ఉద్ధృతికి ఒక పేరే స్థిరపడిపోయింది. బడికి వెళ్లే వయసు పిల్లలకు ఏడాదికి ఆరేడు జలుబులు రావడం మామూలే, అవి నెలనెలా సమానంగా పంచుకుని రావు. ఈ బాబుకు మందు, బడి ఒకే వారంలో మొదలయ్యాయి. నేను ఆ సమయంలో మందు మొదలుపెట్టడానికి కారణం కూడా బడి జలుబులు చుట్టుముట్టేలోగా శ్వాసనాళాలను నెమ్మదింపజేయాలనే. నేను ముందుజాగ్రత్త అనుకున్నది తల్లి కళ్లకు కారణంలా కనిపించింది.

ఇద్దరం కలిసి ఒక్కొక్క ఎర్ర సున్నా వెంట నడిచాం. ఏడింటిలో ఐదుసార్లు జలుబు మొదలవగానే టిక్కులు ఆగిపోయాయి. ఆ ఐదింటిలో మూడు ప్రెడ్నిసొలోన్ దాకా వచ్చాయి, ఒకటి నాలుగు రాత్రులు సాల్బుటమాల్‌తో గడిచింది, ఒకటి ఏమీ కాకుండా పోయింది. మిగిలిన రెండు జలుబుల్లో టిక్కులు ఆగలేదు. అదెలాగని అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, ఆ రెండుసార్లూ తాను ఊళ్లో లేననీ, బాబును అమ్మమ్మ చూసుకుందనీ చెప్పింది. ఆపాలన్న నియమం అమ్మమ్మకు తెలియదు. ఆ రెండుసార్లూ దగ్గు వచ్చి తగ్గిపోయింది.

ఈ అంకెల మీద ఎక్కువ బరువు పెట్టకూడదని ఆమెకు చెప్పాను. రెండు, ఐదు అనే సంఖ్యలతో ఏదీ రుజువు కాదు. ఆ రెండుసార్లు వచ్చినవి వేరే వైరస్‌లై ఉండవచ్చు. మరో మాట కూడా చెప్పాను. జలుబు మొదలైన రోజున మందు ఆపినందుకే నాలుగో రోజున ఆయాసం వచ్చిందనడం సరికాదు, ఎందుకంటే స్టెరాయిడ్ ప్రభావం అంత త్వరగా అంతా పోదు. మధ్య మధ్య పదేసి రోజులు ఆగిపోవడం వల్ల శ్వాసనాళాల వాపు ఎప్పుడూ పూర్తిగా అణగలేదు, ప్రతి జలుబూ అప్పటికే ఎర్రగా ఉబ్బి ఉన్న గోడల మీద వచ్చి పడింది. నా అంచనా ఇది.

ఆమె ప్రశ్నకు జవాబు

"అలాంటిదేమీ ఉండదు, భయపడకండి" అని చెప్పి పంపడం సులువు. కానీ ఆ ప్రశ్నను శాస్త్రవేత్తలు కూడా ఇరవై ఏళ్లుగా అడుగుతున్నారు.

రైనోవైరస్‌లలో అధిక భాగం శ్వాసనాళాల లోపలి పొరలోని కణాల మీద ఉండే ఐకామ్-1 అనే అణువును పట్టుకుని లోపలికి దిగుతాయి. పిల్లల్లో తీవ్రమైన పిల్లికూతలకు ఎక్కువగా కారణమయ్యే సి జాతి రైనోవైరస్ తలుపు వేరు, దాని పేరు సీడీహెచ్‌ఆర్3. అది ఆ వైరస్‌కు గ్రాహకమని 2015లో తేలింది. దానికి ఏడాది ముందే అదే జన్యువులోని ఒక తేడా చిన్నపిల్లల తీవ్ర ఆస్తమాతో ముడిపడి కనిపించింది. లోపలికి దిగిన వైరస్‌ను కట్టడి చేయడానికి కణాలు విడుదల చేసే ముఖ్యమైన సంకేతం ఇంటర్ఫెరాన్. ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళ కణాలు రైనోవైరస్ సోకినప్పుడు బీటా ఇంటర్ఫెరాన్‌ను తక్కువగా విడుదల చేస్తున్నాయని 2005లో, లాంబ్డా రకంలోనూ లోటు ఉందని 2006లో ప్రయోగశాల పరిశోధనలు వచ్చాయి. తరువాతి పరిశోధనల్లో కొన్నిటిలో ఆ లోటు కనిపించలేదు. వ్యాధి అదుపులో ఉన్నవారిలో అది కనిపించకపోవచ్చు. స్టెరాయిడ్ పోసిన కణాలు వైరస్‌కు ప్రతిగా విడుదల చేసే ఇంటర్ఫెరాన్ తగ్గుతుందని కూడా ప్రయోగశాలల్లో చూపారు. కాబట్టి ఆ తల్లి అనుమానానికి ప్రయోగశాలలో ఆధారం ఉంది, ఆ మాట దాచడం న్యాయం కాదు.

మనుషుల్లో కూడా ఒక గట్టి సాక్ష్యం ఉంది, కాకపోతే అది పిల్లల నుంచి వచ్చినది కాదు. పొగతాగడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దవారిలో, అంటే సీఓపీడీ ఉన్నవారిలో, ఆరు వేల మందికి పైగా చేరిన టార్చ్ పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మూడేళ్లలో న్యుమోనియా వచ్చే అవకాశం ఉత్తుత్తి మందు వాడినవారిలో 12.3 శాతం ఉంటే, ఫ్లూటికాసోన్ ఒక్కటే వాడినవారిలో 18.3 శాతం ఉంది. ఆ తేడా చిన్నది కాదు. అయితే అక్కడి మోతాదు రోజుకు 1,000 మైక్రోగ్రాములు, ఈ బాబుకు మొదట రాసినదానికి పది రెట్లు. ఊపిరితిత్తులూ వేరు, వయసూ వేరు, ఆ న్యుమోనియాల వెనక ఉన్నవి ఎక్కువగా బాక్టీరియా. ఆస్తమా పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2017లో వేసిన విశ్లేషణలో పీల్చే స్టెరాయిడ్ వల్ల న్యుమోనియా పెరిగినట్టు కనిపించలేదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది మరొకటి. వైరస్‌ను ఎదిరించే శక్తిని తగ్గించేది మందు ఒక్కటే కాదు, చికిత్స లేని అలర్జీ కూడా ఆ పని చేస్తుంది. అలర్జీని నడిపించే ఐజీఈ అణువులు కొన్ని రోగనిరోధక కణాల మీద పేరుకుని చురుగ్గా ఉన్నప్పుడు, అవే కణాలు వైరస్‌కు ప్రతిగా ఇంటర్ఫెరాన్‌ను సరిగా వదలలేవు. బడులు తెరవడానికి కొన్ని వారాల ముందు నుంచి ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఇచ్చిన పిల్లల్లో ఆ సీజను ఆస్తమా దాడులు తగ్గాయనీ, రైనోవైరస్‌కు వారి కణాల ఇంటర్ఫెరాన్ స్పందన మెరుగుపడిందనీ 2015లో వచ్చిన పరిశోధన చూపింది. ఈ బాబుకు ఆ ఇంజెక్షన్ అవసరమని దీని అర్థం కాదు. మందు ఆపిన రోజుల్లో పెరిగే అలర్జీ వాపు కూడా వైరస్‌కు వాకిలి తెరుస్తుందని తల్లికి చెప్పడానికి మాత్రం ఈ ఉదాహరణ పనికివచ్చింది.

అసలు ప్రశ్న జలుబులు ఎన్ని వస్తాయన్నది కాదని ఆమెకు వివరించాను. పీల్చే స్టెరాయిడ్ రైనోవైరస్‌ను చంపదు, ముక్కులోకి రాకుండా ఆపదు. బడి వయసు ఆస్తమా పిల్లల్లో వచ్చే దాడుల్లో 80 శాతానికి పైగా వైరస్ జాడ ఉన్నట్టు 1995 నుంచే తెలుసు. ఆ వైరస్ ముక్కు దగ్గర ఆగుతుందా, ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసంగా మారుతుందా అన్నదాన్ని స్టెరాయిడ్ మారుస్తుంది. 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,041 మందిని నాలుగు నుంచి ఆరేళ్లు గమనించిన క్యాంప్ పరిశోధనలో, బుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ రోజూ వాడినవారు ఆస్తమాతో ఆసుపత్రిలో చేరడం 43 శాతం తగ్గింది. ఆ ఏళ్లన్నిటా ఆ పిల్లలకూ జలుబులు వస్తూనే ఉన్నాయి.

దానికి మూల్యం లేదనీ చెప్పలేదు. అదే పరిశోధనలో బుడెసొనైడ్ వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారు. ఈ మాట వినగానే ఆమె తలెత్తి చూసింది. నిజానికి ఈ అంకె చాలామంది వైద్యులు చెప్పరు, చెబితే మందు మానేస్తారన్న భయం. నా అనుభవంలో, చెప్పకపోతే ఆ భయం వేరే దారిలో ఇంట్లోకి వస్తుంది. ఎనిమిది నెలల్లో మూడుసార్లు, ఐదేసి రోజులు, రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఆమె బిడ్డ మింగిన ప్రెడ్నిసొలోన్ 450 మిల్లీగ్రాములు. పీల్చే మందు తక్కువ మోతాదులో ఏడాది పొడుగునా వాడితే మొత్తం 37 మిల్లీగ్రాముల లోపే. ఫ్లూటికాసోన్ బరువుకు బరువు చాలా శక్తిమంతమైనది కాబట్టి ఈ పోలిక కచ్చితమైనది కాదని కూడా వెంటనే చెప్పాను. కానీ మింగినది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చినది నేరుగా శ్వాసనాళాల మీదే పనిచేస్తుంది, గొంతులోంచి కడుపులోకి జారినదాంట్లో రక్తంలో చేరేది ఒక శాతం లోపే. ఆమె భయపడిన స్టెరాయిడ్‌ను తప్పించబోయి, అంతకంటే భయపడవలసినదాన్ని మూడుసార్లు పిలిచినట్టయింది. ఈ మాట మాత్రం ఆమెతో అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. అంకెలు రాసుకుంటూ ఆమే ఆగిపోయింది.

ఇంటికి పంపుతూ చేసిన మార్పులు

మోతాదును తిరిగి మొదటి స్థాయికే, అంటే పూటకు 50 మైక్రోగ్రాముల ఒక్క పఫ్‌కు తగ్గించాను. ఆస్తమా దాడి వచ్చి ఆసుపత్రిలో చేరిన బిడ్డకు మందు తగ్గించడమేమిటని మా యువ వైద్యురాలు అడిగింది, సమంజసమైన ప్రశ్నే. రాసిన మందు అందనప్పుడు దాడి రావడం ఆ మందు చాలలేదనడానికి సాక్ష్యం కాదు. తక్కువ మోతాదు సరిగా అందితే ఏమవుతుందో ఈ బిడ్డలో మనం ఇంకా చూడనే లేదు. ఆరు వారాల్లో చూసి కావాలంటే పెంచవచ్చు. వైరస్ విషయంలో తల్లి వ్యక్తం చేసిన ఆందోళనకు నేనివ్వగల నిజాయితీ గల జవాబు కూడా, పనిచేసే మోతాదుల్లో అతి తక్కువదాన్ని ఎంచుకోవడమే.

మాస్కు తీసేశాం, ఏడేళ్ల పిల్లవాడికి నోటితో పట్టుకునే గొట్టం చాలు. డబ్బా కదిలించి, ఒక్క పఫ్ నొక్కి, స్పేసరులోంచి ఐదారు మామూలు ఊపిరులు. స్పేసరును వారానికొకసారి సబ్బునీటిలో ముంచి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. రెండు పూటలా పళ్లు తోముకునేముందే మందు వేస్తే నోరు పుక్కిలించడం దానంతటదే జరిగిపోతుంది, లేకపోతే మందు నిలిచిన నోట్లో మాత్రం రక్షణ తగ్గవచ్చని చెప్పాను.

జలుబు వచ్చినప్పుడు ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చాను: ఫ్లూటికాసోన్ ఆపవద్దు, పెంచనూ వద్దు, దగ్గు లేదా పిల్లికూతలు ఉంటే సాల్బుటమాల్, నాలుగు గంటలు గడవకముందే అది మళ్లీ కావలసివస్తే వెంటనే రావాలి. "జలుబులో ఆపకూడదంటే, ఎక్కువ వేయచ్చా?" అని ఆమె అడిగింది. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో తొలి లక్షణాలకే పీల్చే స్టెరాయిడ్‌ను ఐదు రెట్లు చేసి చూసిన పరిశోధన 2018లో వచ్చింది. తీవ్ర దాడులు తగ్గలేదు, ఎదుగుదల కొంచెం మందగించే ధోరణి కనిపించింది. కాబట్టి వద్దన్నాను.

కాగితంలో ఆమె గీత గీసిన పంక్తుల గురించి విడిగా మాట్లాడాను. ఆ హెచ్చరిక ముఖ్యంగా మింగే స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో వాడుతున్నవారికీ, పీల్చే మందునే చాలా ఎక్కువ మోతాదులో వాడేవారికీ వర్తిస్తుంది. ప్రెడ్నిసొలోన్ కిలోకు 2 మిల్లీగ్రాములు, లేదా రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు లేదా అంతకు మించి వాడిన బిడ్డకు సజీవ టీకాలు నెల రోజులైనా వాయిదా వేస్తాం. అలాంటి బిడ్డ ఆటలమ్మ ఉన్నవారి దగ్గరికి వెళ్లాడంటే ఆ రోజే ఫోన్ చేయమంటాం. తక్కువ మోతాదు ఇన్‌హేలర్‌కు ఆ నియమాలు లేవు, టీకాలన్నీ మామూలుగానే వేయించాలి, ఫ్లూ టీకా ఏటా తప్పనిసరిగా వేయించాలి.

తరువాతి పద్నాలుగు నెలలు

తొలి ఎనిమిది నెలల్లో ఆరు ఎర్ర సున్నాలు పడ్డాయి. ముందటి ఎనిమిది నెలల్లో ఏడు. జలుబుల సంఖ్య దాదాపు అంతే, మందు దాన్ని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఆ ఆరింటిలో ఒక్కసారి మూడు రోజులు సాల్బుటమాల్ కావలసివచ్చింది. పద్నాలుగు నెలల్లో ప్రెడ్నిసొలోన్ ఒక్కసారీ వాడలేదు. నోట్‌బుక్‌లో టిక్కుల పక్కన ఇప్పుడు ప్రతి ఆదివారం డబ్బా కిటికీలోని అంకె కూడా ఉంటోంది. ఆ ఆలోచన ఆమెదే, నేను చెప్పినది కాదు. స్పైరోమెట్రీ అంకె 78 నుంచి 94 శాతానికి చేరింది. ఎత్తు 121 నుంచి 127 సెంటీమీటర్లకు పెరిగింది. ఎదుగుదల చార్టులో తన గీత విడిచి కిందికి రాలేదు గానీ, ప్రతి మూడు నెలలకూ కొలుస్తూనే ఉన్నాం.

ఐదో నెలలో ఒకసారి ఆమె బాబును కారణం చెప్పకుండా తీసుకువచ్చి నోరు తెరిపించింది. అంగిలి మీద, బుగ్గల లోపల పెరుగు చుక్కల్లాంటి తెల్లని మచ్చలు. పళ్లు తోముకున్నాక మందు వేసుకుని నేరుగా పడుకుంటున్నాడట, కొన్ని వారాలుగా. అది క్యాండిడా అనే ఫంగస్. స్టెరాయిడ్ నిలిచిన చోట అక్కడి రక్షణ తగ్గుతుందన్నది అబద్ధం కాదని ఆ రోజు ఆమె కళ్లారా చూసింది. "మీరు చెప్పినప్పుడు నోట్లో మాత్రమే అన్నారు, నిజంగా నోట్లో మాత్రమే వచ్చింది," అంది. నోటి చుక్కల మందుతో, పుక్కిలింత తిరిగి మొదలుపెట్టడంతో పది రోజుల్లో పోయింది. నిజం చెప్పాలంటే, ఆ మచ్చలు చూసి ఆమె మళ్లీ ఇన్‌హేలర్ ఆపేస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆపలేదు.

పదకొండో నెలలో తరగతిలో ఒకరికి ఆటలమ్మ వచ్చిందని ఉదయం ఏడింటికే ఫోన్ చేసింది. బాబుకు ఆ టీకా రెండు మోతాదులూ పడ్డాయి, మింగే స్టెరాయిడ్ వేసి ఏడాది కావస్తోంది. ఇన్‌హేలర్ కొనసాగించమన్నాను, ఏమీ కాలేదు.

ఇప్పుడు మోతాదును ఇంకా తగ్గించి, రోజుకు ఒక్క పూటే వేసి చూడాలని అనుకుంటున్నాం. వ్యాధి మూడు నెలలకు మించి అదుపులో ఉంది కాబట్టి ఈపాటికే చేయవచ్చు. కానీ మరో నెలలో సెలవులు ముగుస్తాయి. మొదటిసారి మందునూ బడినీ ఒకే వారంలో మొదలుపెట్టి, ఏది దేనివల్లో తేల్చుకోలేక ఇద్దరం తికమకపడ్డాం. ఈసారి బడి తెరిచి, ఆ తొలి జలుబుల గుంపు దాటిన ఆరు వారాలకు ఒక పూట తగ్గిద్దామని అనుకున్నాం. తేదీని ఆమె నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని, దాని పక్కన ఖాళీగా కొత్త గడి ఒకటి గీసుకుంది.